లారీ బ్యాటరీ వారంటీ: నెల్లూరు, ఒంగోలు షాపుల్లో పని ఎలా జరుగుతోంది

లారీ బ్యాటరీ షాపుకి కొన్న రోజే మార్కులు వేయకూడదు. నెల్లూరు ఆటోనగర్ నుంచి కావలి, సింగరాయకొండ మీదుగా ఒంగోలు దాకా హైవే పొడవునా షాపులకి కొదవ లేదు, ధరల్లోనూ పెద్ద తేడా ఉండదు. అసలు తేడా పాడైన బ్యాటరీని దించి కౌంటర్ ముందు పెట్టినప్పుడు బయటపడుతుంది. ఈ రివ్యూ ఆ సర్వీసు గురించే. కంపెనీల వారీగా మార్కులు వేయడం లేదు. ఒకే కంపెనీ బోర్డు కింద ఒక డీలరు రెండు రోజుల్లో తేల్చేస్తాడు, ఇంకో డీలరు వారం తిప్పుతాడు.

షాపులో ముందు చూడాల్సింది ఛార్జింగ్ బెంచీ. అది లేని షాపు వాళ్లు బ్యాటరీని వేరే ఊరి సర్వీస్ సెంటరుకి పంపుతారు, అది ఎప్పుడు తిరిగొస్తుందో వాళ్లకే తెలీదు. బెంచీ ఉన్న మంచి డీలరు పని ఇలా ఉంటుంది. బ్యాటరీ మీది సీరియల్ నంబరుని వారంటీ కార్డుతో, బిల్లుతో సరిచూస్తాడు. డబ్బా పగిలిందా, ఉబ్బిందా, టెర్మినల్ కాలిందా అని చూస్తాడు. ఓల్టేజీ, లోపలి ఆరు సెల్లుల (గదుల) గ్రేవిటీ, అంటే యాసిడ్ ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె, రాసుకుని ఛార్జింగ్‌కి పెడతాడు. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ కెపాసిటీ కొలత) బ్యాటరీకి 15 ఆంపియర్లు, అంటే పదో వంతు, అంతకు మించి పెట్టకూడదు. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ అయితే ఒక రోజు దానికే పోతుంది. ఛార్జింగ్ తీశాక కొన్ని గంటలు ఊరికే ఉంచి, అప్పుడు మళ్లీ ఓల్టేజీ చూసి లోడ్ టెస్టర్ పెడతాడు. కాబట్టి రెండు రోజులు పట్టడం న్యాయమే. సాయంత్రం ఇచ్చి పొద్దున్నే తేల్చమంటే ఎవరి వల్లా కాదు.

ఐదు నిమిషాల్లో మీటరు పెట్టి "బాగానే ఉందన్నా, తీస్కపో" అనే షాపుని మాత్రం నమ్మొద్దు. ఓల్ట్ మీటరు ఒక్కటే చాలదు. లోపల సెల్ కనెక్షన్ సగం తెగిన బ్యాటరీ కూడా లోడు లేనప్పుడు 12.5 చూపిస్తుంది, సెల్ఫ్ కొట్టగానే పడిపోతుంది. లోడ్ టెస్టులో చూసేది అదే: బ్యాటరీకి రాసిన క్రాంకింగ్ ఆంపియర్లలో (ఇంజను స్టార్ట్ చేయడానికి ఇవ్వగల కరెంటులో) సగం లోడు 15 సెకన్లు పెట్టినా 9.6 ఓల్టుల కిందికి దిగకూడదు. ఈ టెస్టు మీ కళ్ల ముందే చేయమని అడగండి. చేసే షాపు వాళ్లు అభ్యంతరం చెప్పరు.

గ్రేవిటీ అంకెలు చదవడం డ్రైవరుకి కూడా వచ్చి ఉండాలి. పూర్తిగా ఛార్జ్ అయిన లారీ బ్యాటరీలో మన ఎండ ప్రాంతాల్లో 1.240 నుంచి 1.260 దాకా ఉంటుంది. ఛార్జింగ్ తర్వాత ఐదు సెల్లుల్లో 1.240 ఉండి ఒకదాంట్లో 1.120 దగ్గరే ఆగితే ఆ సెల్ పోయినట్టే, వారంటీకి అంతకన్నా గట్టి సాక్ష్యం లేదు. ఆరు సెల్లూ ఒకేలా 1.150 దగ్గర ఉంటే అది వట్టి డిశ్చార్జ్. ఛార్జ్ చేసి తిరిగి ఇచ్చేస్తారు, ఆ ఛార్జింగ్ డబ్బులు అడిగినా అడుగుతారు. అందులో మోసం ఏమీ లేదు. మూతలు లేని మెయింటెనెన్స్ ఫ్రీ బ్యాటరీలో పైనున్న రంగు కన్ను ఒక్క సెల్ సంగతే చెబుతుంది. పచ్చగా ఉంది కదా అని మిగతా ఐదూ బాగున్నట్టు కాదు.

క్లెయిమ్ తిప్పి కొట్టడానికి చెప్పే కారణాల్లో సగం న్యాయమైనవే. సీరియల్ నంబరు చెరిగిపోవడం, బిల్లు మీద బండి నంబరు వేరే ఉండటం, ఇంట్లో ఇన్వర్టరుకి తగిలించడం, టెర్మినల్ లూజుగా ఉండి కరగడం, యాసిడ్ ప్లేట్ల కన్నా కిందికి పోవడం. వీటికి ఏ కంపెనీ అయినా ఒప్పుకోదు. మన దగ్గర ఎక్కువ దెబ్బతీసేది చివరిది. నెల్లూరు, ప్రకాశం వేసవిలో లెవెల్ గబగబా పడిపోతుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పదిహేను రోజులకోసారి మూతలు తీసి చూడాలి. ప్లేట్ల పైన 10 నుంచి 15 మిల్లీమీటర్లు నీళ్లు ఉండాలి. పోయాల్సింది డిస్టిల్డ్ వాటరే. టోల్‌గేటు దగ్గర కొన్న మినరల్ వాటర్ పోస్తే అందులోని ఉప్పులు ప్లేట్లని తినేస్తాయి. కొందరు ఇంకో అడుగు ముందుకేసి యాసిడ్ పోయిస్తారు. నాలుగు రోజులు సెల్ఫ్ ఊపుగా తీసుకుంటుంది, ఆ తర్వాత ప్లేట్లు కాలతాయి. గ్రేవిటీ 1.300 చూపించగానే డీలరుకి సంగతి తెలిసిపోతుంది, క్లెయిమ్ అక్కడే ఆగిపోతుంది.

మంచి షాపుకీ మామూలు షాపుకీ అసలు గీత ఇది: కొత్త బ్యాటరీ ఇచ్చే ముందు మీటరు పట్టుకుని బండి దగ్గరికి వస్తారా, రారా? చాలామంది రారు. సీరియల్ నంబరు మార్చి, సంతకం తీసుకుని పంపేస్తారు. బ్యాటరీని చంపిన కారణం బండిలోనే ఉంటే కొత్తదీ అదే దారిన పోతుంది, రెండోసారి క్లెయిమ్ ఒప్పుకోరు. ఇంజను నడుస్తుండగా లారీలో ఉండే రెండు బ్యాటరీల మీద కలిపి 27.5 నుంచి 28.5 ఓల్టులు ఉండాలి. 29 దాటితే డైనమో రెగ్యులేటరు పోయినట్టు, నీళ్లు ఆవిరైపోతుంటాయి. 26.5 దగ్గరే ఉంటే బెల్టో, డైనమోనో చూపించాలి. అలా సగం ఛార్జ్‌తో నెలలు తిరిగిన బ్యాటరీలో ప్లేట్ల మీద తెల్ల సల్ఫేటు గట్టిపడిపోతుంది, ఆ తర్వాత ఎంత ఛార్జ్ చేసినా అది వదలదు.

బండిలోనే ఉండి బ్యాటరీని చంపే రెండో కారణం 12 ఓల్టుల లైను. లారీలో 24 ఓల్టులు, రెండు 12 ఓల్టుల బ్యాటరీలు సిరీస్‌లో ఉంటాయి. పాటల సెట్టుకో, ఫ్యానుకో, సెల్‌ఫోన్ ఛార్జరుకో వైరు ఒక్క బ్యాటరీ నుంచే లాగుతారు. కృష్ణపట్నం పోర్టు దగ్గర క్యూలో గంటల తరబడి నిలబడ్డ బండ్లలో ఆ ఒక్క బ్యాటరీయే దిగిపోతుంది. డైనమో మాత్రం రెండింటినీ కలిపి ఛార్జ్ చేస్తుంది. దిగినది ఎప్పుడూ నిండదు, నిండుగా ఉన్నది అతిగా ఛార్జ్ అయి మరిగిపోతుంది. ఒకటి సల్ఫేటు పట్టి, ఇంకోటి ఎండిపోయి, రెండూ పోతాయి. విరుగుడు చిన్నదే: 24 నుంచి 12 ఓల్టులకి మార్చే కన్వర్టరు. దీని గురించి చెప్పకుండా పాత వైరుని కొత్త బ్యాటరీకి తగిలించి పంపే షాపుకి నా లెక్కలో సగం మార్కులు అక్కడే పోతాయి.

చీమకుర్తి గ్రానైట్ క్వారీ బండ్లది ఇంకో గొడవ. ట్రేలో క్లాంపు లూజుగా ఉంటే కుదుపులకి ప్లేట్ల మీది మందు రాలి అడుగున పేరుకుంటుంది, అది ప్లేట్లని తాకితే సెల్ షార్ట్. టెస్టులో సెల్ పోయినట్టే కనిపిస్తుంది కాబట్టి తరచూ వారంటీలో ఇచ్చేస్తారు. ఓనరు మాత్రం క్లాంపు బిగించుకోవాలి, ట్రేలో రబ్బరు షీటు వేయించుకోవాలి.

రెండింటిలో ఒక్కటే పోయిందని తేలితే ఒక్కటే ఇస్తారు. అప్పుడు రెండోదాన్ని కూడా అదే బెంచీ మీద పెట్టించండి. కొత్తదీ పాతదీ జత కట్టే ముందు రెండింటినీ విడివిడిగా పూర్తిగా ఛార్జ్ చేయాలి, ఏహెచ్ ఒకటే అయి ఉండాలి. 130కి జతగా 150 స్టాకులో ఉందని అంటగడితే ఒప్పుకోవద్దు. పాతది లోడ్ టెస్టులో బొటాబొటీగా నిలబడితే, దాని ప్రాణం ఎంతో ముందే తెలుసుకుని డబ్బు సిద్ధం చేసుకోవడం మంచిది.

బిగించేటప్పుడు షాపు కుర్రాళ్ల తొందర గమనించండి. బీఎస్6 బండిలో తాళం తీయగానే మెయిన్ స్విచ్ ఆపకూడదు. యాడ్‌బ్లూ (పొగని శుభ్రం చేసే యూరియా ద్రవం) పైపుల్లో మిగిలినది పంపు వెనక్కి లాగడానికి రెండు నిమిషాలు ఆగాలి, లేకపోతే అది లోపల గడ్డకట్టి వేరే ఖర్చు తెస్తుంది. విప్పేటప్పుడు ముందు ఎర్త్ (మైనస్ వైరు), బిగించేటప్పుడు చివర ఎర్త్. ప్లస్, మైనస్ తారుమారైతే డైనమో డయోడ్లు ఆ క్షణంలోనే పోతాయి, దానికి బ్యాటరీ వారంటీ వర్తించదు.

టెస్టు జరిగే రెండు రోజులకి స్టాండ్‌బై బ్యాటరీ ఇస్తారా అనేది కొనే ముందే అడగాల్సిన మాట. ఇచ్చే షాపులు తక్కువ, ఇచ్చినా డిపాజిట్ అడుగుతాయి. రొయ్యల లోడు ఉన్న బండికి ఈ ఒక్క సౌకర్యం కోసం రెండు మూడు వందలు ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

కార్డు మీద నెలలు చదవడంలోనే చాలామంది బోర్లా పడతారు. మొత్తం నెలల్లో కొన్ని ఉచిత మార్పిడికి, మిగతావి ప్రొరేటాకి, అంటే వాడిన నెలల్ని బట్టి కొత్తదాని ధరలో కొంత తగ్గింపుకి. ఉచితంగా వచ్చిన బ్యాటరీకి వారంటీ మళ్లీ మొదటి నుంచి మొదలవదు, పాతదాంట్లో మిగిలిన నెలలే వర్తిస్తాయి. 18 నెలల ఉచిత కాలంలో 14వ నెల పూర్తయ్యాక మారిస్తే ఇంకా ఉన్నవి నాలుగే.

ప్రొరేటా లెక్క కాగితం మీద వేసుకుని చూడాలి. ఎంఆర్‌పీ 16,000, ప్రొరేటా తగ్గింపు 25 శాతం అనుకుందాం. కట్టాల్సింది 12,000, పాత బ్యాటరీ కంపెనీకి పోతుంది. అదే బ్యాటరీ కౌంటర్‌లో 14,000కి అమ్ముతుంటే, పాతది తుక్కు కింద 40 కిలోలు తూగి కిలో 80 చొప్పున 3,200 వస్తే, చేతి నుంచి పోయేది 10,800. ప్రొరేటా అని సంబరపడితే 1,200 నష్టం. అంకెలు మారుతుంటాయి, లెక్క మాత్రం ఇదే. ప్రొరేటాలో ఇచ్చినదానికి కొత్త వారంటీ ఉందో లేదో కార్డు వెనక చూడండి. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన వేసి చూపించే డీలరు దొరికితే వదులుకోవద్దు.

అన్ని కంపెనీలవీ అమ్మే షాపుల్లో ధర కాస్త తగ్గుతుంది. వాళ్లు కంపెనీ ఆథరైజ్డ్ కాకపోతే క్లెయిమ్ ఇంకో డీలరు చేతుల మీదుగా నడవాలి, అంటే నెత్తిన ఇద్దరు. హైవే పక్కన ఛార్జింగ్ షెడ్లు స్లో ఛార్జింగ్‌కి, అర్ధరాత్రి బండి లేపడానికి పనికొస్తాయి. వారంటీ ఉన్న బ్యాటరీని మాత్రం అక్కడ విప్పనివ్వకండి. సీలు తీసి సెల్ మార్చారంటే కార్డు చించేసినట్టే.

క్లెయిమ్ కాదన్నారా, అయితే జాబ్ షీటు రాయించుకోండి: ఆరు గ్రేవిటీలు, ఛార్జింగ్‌కి ముందు, తర్వాత ఓల్టేజీ, లోడ్ టెస్టు అంకె, కాదన్న కారణం, తేదీ, స్టాంపు. నోటిమాటగా "కంపెనీ ఒప్పుకోలేదు" అంటే చాలదు. ఆ కాగితం పట్టుకుని ముందు కంపెనీ కస్టమర్ కేర్‌కి, తర్వాత 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చెప్పొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, గడువు రెండేళ్లు. లారీ వ్యాపారానిది కదా అని డీలరు భయపెట్టొచ్చు. సొంత బండి తనే తోలుకుని బతికేవాణ్ణి 2019 చట్టం వినియోగదారుడిగానే చూస్తుంది. పదుల కొద్దీ బండ్లు తిప్పే ట్రాన్స్‌పోర్టుకి ఆ దారి అంత సులువు కాదు, వాళ్లు కొనేటప్పుడే వారంటీ షరతులు రాతపూర్వకంగా తీసుకోవాలి.