మిసెస్ మెక్లౌడ్ రీల్ పుట్టిల్లు: రాసే దీవిలో ఒక రాత్రి

స్కాట్లాండ్‌లో ఫిడిల్ నేర్చినవాళ్లకు ‘మిసెస్ మెక్లౌడ్ ఆఫ్ రాసే’ అనే రీల్ (వేగంగా సాగే నాట్య బాణీ) తెలియకుండా ఉండడం కష్టం. 1809లో స్కాటిష్ ఫిడ్లర్ నీల్ గౌ కుటుంబం వేసిన ఐదో సంకలనంలో ఇది అచ్చయింది. పేరులోని ఆవిడ రాసే దీవి జమీందారు భార్య. వాళ్ల ఇల్లు రాసే హౌస్ ఇప్పుడు హోటలు. అందుకే ఈ బాణీ మీద ఇష్టంతో వెళ్లేవాళ్లు పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగి రావడం దండగ, రాత్రి అక్కడే ఉండాలి.

స్కై దీవిలోని స్కాన్సర్ రేవు నుంచి కాల్‌మాక్ కంపెనీ ఫెర్రీలో 25 నిమిషాలు. ఆదివారం ఫెర్రీలు బాగా తక్కువ, చాలామంది ప్లాను చెడేది అక్కడే. కారుతో వెళ్తే పెట్రోలు స్కైలోనే బ్రాడ్‌ఫర్డ్‌లోనో పోర్ట్రీలోనో పట్టించుకుని ఎక్కండి. రాసేలో దిగాక హోటలుకు నడిచిపోవచ్చు, కారు అక్కర్లేదు.

బసకు రెండు మంచి చోట్లున్నాయి. 2017లో మొదలైన విస్కీ డిస్టిలరీలో గదులు కొత్తవి, కిటికీలోంచి కూలిన్ కొండలు కనిపిస్తాయి. సౌకర్యం మాత్రమే చూస్తే అదే మేలు. నా ఓటు మాత్రం రాసే హౌస్‌కే. బ్రిటన్ సింహాసనం కోసం ప్రిన్స్ చార్లీ చేసిన 1745 తిరుగుబాటులో మెక్లౌడ్‌లు అతని పక్షాన నిలిచారని పాత ఇంటిని ప్రభుత్వ సైనికులు 1746లో తగలబెట్టారు. తర్వాత కట్టిన ఇంట్లోనే 1773లో రచయితలు శామ్యూల్ జాన్సన్, జేమ్స్ బాస్వెల్ అతిథులుగా దిగారు. బాస్వెల్ దీవిలోని డూన్ కాన్ శిఖరమెక్కి పైన రీల్ నాట్యం చేశాడు. అది ఈ రీలే అని గైడ్లు చెబితే నమ్మకండి, అచ్చయింది ఆ తర్వాత 36 ఏళ్లకు.

డూన్ కాన్ ఎత్తు సుమారు 443 మీటర్లే, పైభాగం బల్లపరుపు. ఎత్తు చూసి తేలిగ్గా తీసుకోవద్దు. దారి పొడవునా బురదనేల, మామూలు స్పోర్ట్స్ షూలు చీలమండ దాకా దిగబడతాయి. వాటర్‌ప్రూఫ్ బూట్లు వేసుకుని, రానూపోనూ ఐదు గంటలు కేటాయించుకోండి. జూన్ నుంచి ఆగస్టు దాకా మిడ్జ్ అనే, దోమల్లా కుట్టే చిన్న పురుగులు గాలి ఆగగానే ముసురుతాయి, వలటోపీ ఉంటే బతికిపోతారు.

ఫిడిల్ వెంట తెచ్చుకునేవాళ్లకు ఒక మాట. స్కాట్లాండ్‌లో దీన్ని ఎక్కువగా ‘A’ మేజర్‌లో, ఐర్లాండ్‌లో ‘G’ మేజర్‌లో వాయిస్తారు, కలిసి మొదలుపెట్టే ముందే శ్రుతి అడిగేయండి. భాగాలు షడ్జం మీద ముగియవు, రిషభం మీద ఆగి మళ్లీ మొదటికి లాగుతాయి. మనవాళ్లు వయొలిన్‌లో అలవాటుగా ‘స’ మీద దించేస్తే తిరిగి ఎత్తుకునేచోట ఆ లాగుడు పోతుంది. ఆ షడ్జాన్ని ఆఖరి ఆవృత్తానికి దాచుకోండి.

సైకిల్ ఉంటే ఉత్తరాన కేలమ్ రోడ్డు చూడొచ్చు. బ్రోకెల్ కోట నుంచి ఆర్నిష్ దాకా దాదాపు 2.8 కిలోమీటర్లు. ప్రభుత్వం వేయకపోతే దీవివాసి కేలమ్ మెక్లౌడ్ గునపం, పార, తోపుడుబండితో పదేళ్ల పైచిలుకు శ్రమించి తానే వేశాడు. రేవు నుంచి అక్కడికి ఎత్తుపల్లాలు చాలా ఉన్నాయి, కాబట్టి డూన్ కాన్ ఎక్కిన రోజు పెట్టుకోకండి.