మెట్టుగడ్డ స్టడీ హాల్: ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లు ఉదయం షిఫ్టే తీసుకోండి

మహబూబ్‌నగర్‌లో స్టడీ హాళ్లకు కొదవ లేదు. గ్రూప్స్‌కో, డీఎస్సీకో, కానిస్టేబుల్‌కో ప్రిపేరయ్యేవాళ్లతోనే అవి నిండిపోతాయి. నేను పాలమూరు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నా. ఏడీహెచ్‌డీ (దృష్టి ఒకచోట నిలవకపోవడం, కుదురులేకపోవడం ఉండే సమస్య) ఉందని డాక్టర్ తేల్చాక, రూములో చదువు సాగక, మెట్టుగడ్డ దగ్గర మొదటి అంతస్తులో ఉన్న ఒక స్టడీ హాల్లో చేరాను. "అక్కా, అది ఎట్లుంటది?" అని జూనియర్లు అడుగుతూనే ఉన్నారు, అందుకే వివరంగా రాస్తున్నా. నా మాట ముందే చెప్తా: చేరండి, కానీ ఉదయం షిఫ్టులో. నైట్ షిఫ్ట్ మాత్రం వద్దు.

ఒక షిఫ్టుకు నెలకు 700, రోజంతా అయితే 1,200. సీటుకు మూడు వైపులా చెక్క అడ్డం, ఒక లైటు, ఒక ప్లగ్ ఉంటాయి. ఆడవాళ్లకు వేరే బాత్రూం ఉంది, శుభ్రంగానే ఉంచుతారు. ఏసీ లేదు. ఏప్రిల్, మే నెలల్లో పాలమూరు ఎండకు మధ్యాహ్నం ఆ కూలర్లు చాలవు, పైగా వాటి చప్పుడొకటి.

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది తలుపు దగ్గరున్న ఫోన్ అరలు. ఫోన్ అక్కడ పెట్టి తాళం వేస్తేనే లోపలికి రానిస్తారు. ఈ ఒక్క రూలుకే 700 ఇవ్వొచ్చు. సైలెంట్‌లో పెట్టి బ్యాగులో వేసుకుంటే చెయ్యి దానంతటదే అటు పోతుంది. ఇక్కడ లేచి, అందరి ముందు తలుపు దాకా నడవాలి. ఆ కాస్త దూరంలోనే మనసు మళ్లీ పుస్తకం వైపు తిరుగుతుంది. మాలాంటివాళ్లకు శ్రద్ధ అసలే లేదనుకుంటారు. ఉంది, కానీ కావాల్సిన చోట నిలవదు. నచ్చిన పనైతే తిండి కూడా మరిచి గంటలు గంటలు కూర్చుంటాం. స్పెక్ట్రోస్కోపీ నోట్సు మాత్రం ఒకే పేరా మళ్లీ మళ్లీ చదివినా తలకెక్కదు. దాన్ని బద్ధకం అంటే నాకు చాలా బాధ.

పక్కన ఇంకొకరు చదువుతూ ఉండటం కూడా మందులాగే పనిచేస్తుంది. నా పక్క సీట్లో ఎస్సై పరీక్షకు చదివే అక్క ఉంటుంది. మేం మాట్లాడుకునేది తక్కువ. ఆమె పెన్ను కదులుతుంటే నాకూ రాయబుద్ధవుతుంది. డాక్టర్ కూడా ఇదే సలహా ఇచ్చారు, ఒంటరిగా రూములో కూర్చోవద్దని.

పెద్దయ్యాక చిన్నపిల్లల్లా పరుగులు పెట్టం, ఆ కుదురులేనితనం ఒంట్లోనే ఉండిపోతుంది. నాకది కాళ్లలో ఉంది. నేను కాళ్లు ఊపుతుంటే బల్ల కదిలి పక్కవాళ్లకు ఇబ్బందైంది. హాలు నడిపే అన్న కోప్పడలేదు. "చెల్లె, గోడ దిక్కు సీటుంది, ఆడ కూసుంటవా? ఆ బల్ల గోడకే బిగిచ్చిన" అని మార్చాడు. మధ్యలో లేచి వరండాలో నాలుగు అడుగులు వేసి వచ్చినా ఏమీ అనడు. ఇది చిన్న విషయం కాదు.

ఇక నైట్ షిఫ్ట్. ఫ్లాస్కులో టీ ఎప్పుడూ ఉంటుంది, ఎన్నిసార్లైనా తాగొచ్చు. ఏడీహెచ్‌డీ ఉన్న చాలామందికి మామూలుగానే నిద్ర ఆలస్యంగా పడుతుంది. కెఫీన్ ఒంట్లో సగం తగ్గడానికే దాదాపు 5 గంటలు కావాలి. రాత్రి 11కు టీ తాగితే తెల్లవారుజామున 4కు కూడా సగం మిగిలే ఉంటుంది. అర్ధరాత్రి చదువు బాగా ఎక్కుతున్నట్టే ఉంటుంది కానీ, మర్నాడు ల్యాబ్‌లో బ్యూరెట్ రీడింగు కూడా సరిగ్గా చూడలేం. ఇప్పుడు నేను స్టేడియం గ్రౌండ్లో కాసేపు నడిచి, 6 గంటలకల్లా సీట్లో ఉంటా. 9 దాటాక యూనివర్సిటీ ఉన్న బండమీదిపల్లికి ఆటో ఎక్కుతా. నడిచిన రోజుకూ నడవని రోజుకూ తేడా నాకు బాగా తెలుస్తుంది.

హాల్లో చాలామంది రీల్స్ చూసి "నాకూ ఏడీహెచ్‌డీ ఉందేమో" అంటున్నారు. నిద్ర చాలకపోయినా, థైరాయిడ్ తేడా చేసినా, దిగులూ టెన్షనూ ఉన్నా దృష్టి నిలవదు. డాక్టర్ నన్ను మొదట అడిగింది చిన్నప్పటి సంగతులు. లక్షణాలు కొన్ని 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి, అదీ ఒక్క చోట కాదు, ఇంట్లో, బడిలో, రెండు చోట్లా. 17 దాటినవాళ్లకైతే, దృష్టి నిలవకపోవడానికి చెప్పే 9 లక్షణాల్లోగానీ, కుదురులేకపోవడానికి చెప్పే 9లోగానీ కనీసం 5 ఉండాలి, అవి ఆరు నెలలైనా సాగి ఉండాలి. దేవరకద్ర నుంచి మా అమ్మ వచ్చి, "ఒక్క దగ్గర కూసున్నదే లేదు మేడం, టిఫిన్ డబ్బా రోజూ బడిలనే మర్చొచ్చేది" అని చెప్తే ఆవిడ అదంతా రాసుకున్నారు.

పరీక్షలప్పుడు ఒకరిద్దరు "నీ టాబ్లెట్ ఒకటి ఇయ్యవా" అని అడిగారు. ఇవ్వలేదు, ఇవ్వను. నేను వేసుకునేది మిథైల్‌ఫెనిడేట్, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు. గుండె వేగం, బీపీ పెంచుతుంది, ఆకలినీ నిద్రనూ తగ్గిస్తుంది. నా బీపీ, బరువు చూసుకుంటూ మోతాదు నిర్ణయిస్తున్నారు. ఇంకొకరి గుండె ఎలా ఉందో నాకేం తెలుసు? ఆకలి చచ్చిపోతుంది కాబట్టి టాబ్లెట్‌కు ముందే జొన్న రొట్టె, పప్పు తినేస్తా. మీరూ ఈ మందు మీద ఉంటే ఖాళీ కడుపుతో హాలుకు రావద్దు.

అనుమానం ఉండి, ఎవరిని కలవాలో తెలియకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు, రాత్రీ పగలూ పనిచేస్తుంది.

హాలు విషయానికొస్తే, ఒక రోజు ఉచితంగా కూర్చోనిస్తారు, అది వాడుకోండి. గోడ వైపు సీట్లు తక్కువ. నెలాఖరున వెళ్లి అడిగితేనే దొరుకుతాయి.