ఫ్రిజ్‌లోని ‘సబ్బాత్ మోడ్’: నాలుగు వారాలు వాడి చూశాక

మేము కొత్తగా తీసుకున్న ఫ్రిజ్ సెట్టింగుల్లో ‘సబ్బాత్ మోడ్’ అనే మాట కనిపించింది. సబ్బాత్ (హీబ్రూలో ‘షబ్బాత్’) అంటే శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి దాకా యూదులు పాటించే విశ్రాంతి దినం. యూజర్ మాన్యువల్‌లో దానికి దక్కిన వివరణ ‘మతపరమైన అవసరాలకు’ అన్న ఒక్క ముక్కే కావడంతో, నాలుగు వారాల పాటు శుక్రవారం సూర్యాస్తమయానికి ముందు ఆన్ చేసి, శనివారం చీకటి పడ్డాక ఆఫ్ చేస్తూ పరీక్షించాను.

ఈ మోడ్‌లో తలుపు తీస్తే దీపం వెలగదు, తెర మీద అంకెలు కనిపించవు, చల్లని నీటి మీట పనిచేయదు. కంప్రెసర్ మాత్రం తలుపుతో నిమిత్తం లేకుండా తన వేళల ప్రకారం తిరుగుతూనే ఉంటుంది. మొదటి రాత్రి తలుపు తీసి, అలవాటు కొద్దీ వెలుగు కోసం ఒక క్షణం ఎదురుచూసి, చివరకు చీకట్లో తడుముకుని సీసా అందుకున్నాను.

విశ్రాంతి దినాన నిప్పు రాజేయకూడదని బైబిల్లోని నిర్గమకాండము 35వ అధ్యాయం చెబుతుంది. దున్నడం, నేయడం మొదలుకొని నిప్పు వెలిగించడం, ఆర్పడం దాకా 39 రకాల పనులను యూదుల ప్రాచీన ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నా నిషేధించింది; విద్యుద్దీపం వేయడాన్ని కూడా నిష్ఠ గల యూదులు మానుకుంటారు. ఒళ్లు అలిసిపోతుందని విధించిన నిషేధం కాదిది, ఎందుకంటే దీపం వేస్తే ఎవరికీ ఆయాసం రాదు. ‘షబ్బాత్’ మాటకు మూలమైన హీబ్రూ ధాతువుకు అర్థమే ‘ఆగడం’. ఆ సంగతి తెలిశాక, దీపాన్ని ఆపి మోటారును తిరగనిచ్చే ఈ ఏర్పాటు నాకు దొడ్డిదారిగా తోచలేదు: యంత్రం ఆగనక్కరలేదు, దానికి మనం పని పురమాయించడం ఆగితే చాలు.

అయితే బైబిల్లోనే ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయం చెప్పే కారణం వేరు. ఐగుప్తులో (ఈజిప్టులో) నీవూ దాసుడివే కనుక నీ దాసుడూ దాసీ నీలాగే విశ్రమించాలి అంటుందది. నేను స్విచ్ ముట్టుకోకుండా నియమంగా కూర్చున్న మొదటి శనివారం, ఇంటి పనికి వచ్చే ఆమె ఎప్పటిలాగే గిన్నెలు తోమి వెళ్లింది. రెండో వారం నుంచి జీతం కోయకుండా ఆమెకు ఆ రోజు సెలవిచ్చాము. ఏ మాన్యువల్‌లోనూ లేని సెట్టింగ్ అది.

ఇక లోపం సంగతి. ఈ మోడ్‌లో తలుపు సరిగా పడలేదని హెచ్చరించే బీప్ కూడా మూగబోతుంది. మూడో వారం తలుపు రాత్రంతా ఓరగా ఉండిపోయి, తెల్లారేసరికి అరల మీద నీళ్లు నిలిచాయి. నియమంగా ఆ దినాన్ని పాటించే కుటుంబాలకు ఈ సదుపాయం నిజంగా అవసరమే కనుక, తయారీదారు ఆ ఒక్క హెచ్చరికనైనా మాన్యువల్‌లో అచ్చు వేయాల్సింది.