జాబ్ కోచ్ సేవ: నేర్పడంలో మెరుగు, హక్కుల దగ్గర తడబాటు

మేధో వైకల్యం, ఆటిజం, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు మామూలు ఉద్యోగం వెతికిపెట్టి, పని కూడా అక్కడే నేర్పించే సేవ పేరు సపోర్టెడ్ ఎంప్లాయ్‌మెంట్. నేర్పే మనిషిని జాబ్ కోచ్ అంటారు. ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చి, ఆ తర్వాత ఎప్పుడో ఉద్యోగం చూసే పాత పద్ధతికి ఇది పూర్తిగా తిరగేసిన దారి. మా ఉద్దేశంలో ఇదే సరైన దారి. ఒకచోట నేర్చుకున్న పనిని ఇంకోచోట చేయడం వీళ్లలో చాలామందికి కష్టం. శిక్షణ కేంద్రంలో నీలం డబ్బాలో చక్కగా సర్దే మనిషి, గోదాములో అట్టపెట్టె చేతికిస్తే ఆగిపోవచ్చు.

నేర్పడానికి ఐదుకు నాలుగు మార్కులు వేస్తాం. హక్కులు కాపాడటానికి రెండున్నరే.

మంచి కోచ్‌ను గుర్తుపట్టడం తేలిక. ఆ ఉద్యోగాన్ని ముందు తనే ఒక షిఫ్ట్ చేసి చూస్తారు. 'సంచులు కట్టి ట్రేలో పెట్టాలి' అని యజమాని ఒక్క మాటలో చెప్పేది కోచ్ కాగితం మీద పది పన్నెండు అడుగులవుతుంది. చిక్కు సాధారణంగా చివరి అడుగులో ఉంటుంది: ట్రే నిండగానే ఆపాలి. నిండటమంటే ఎంత? 20 సంచులు కావాలంటే 20 గళ్లున్న ట్రే ఇవ్వాలి. ఖాళీ గడి కనిపిస్తే పని ఉన్నట్టు, లేకపోతే సూపర్‌వైజర్‌ను పిలవాలి. లెక్క రాకపోయినా లెక్కలో తప్పు రాదు.

ఎక్కువగా చెడేది సాయం చేసే తీరులో. ప్రతి అడుగుకూ కోచ్ 'ఇప్పుడు ఇది తీయండి, ఇప్పుడు అక్కడ పెట్టండి' అంటూ ఉంటే, ఎదుటి మనిషికి పని అలవాటు కాదు, ఆ గొంతు కోసం ఆగడం అలవాటవుతుంది. కోచ్ రాని రోజు చేతులు ఆగిపోతాయి, యజమాని 'పని రాలేదు' అని రాసేస్తాడు. కొన్ని సెకన్లు ఆగి చూడాలి, అవసరమైతే వేలితో చూపాలి, మాట ఆ తర్వాతే. చేయి పట్టి చేయించడం అన్నిటికన్నా చివర. ఏ అడుగులో ఏ సాయం ఇచ్చారో రోజూ రాసుకుంటేనే ఎక్కడ తగ్గించవచ్చో తెలుస్తుంది. ఆ కాగితం చూపించమని అడగండి.

ఇక హక్కులు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం 27వ అధికరణ సమాన విలువ ఉన్న పనికి సమాన వేతనం, ఫిర్యాదుకు పరిష్కారం, కార్మిక సంఘంలో చేరే హక్కు గురించి చెబుతుంది. తగిన సర్దుబాటు, అంటే వైకల్యానికి తగ్గట్టు పనిలో చేసే మార్పు, నిరాకరించడం వివక్షేనని 2వ అధికరణ అంటుంది. వికలాంగులను విడిగా కూర్చోబెట్టి పని చేయించే షెల్టర్డ్ వర్క్‌షాపులను ఈ హక్కు అమలులో ముందడుగుగా లెక్కించకూడదని ఒప్పందం కమిటీ 2022లో స్పష్టం చేసింది. కాబట్టి ఉద్యోగం పేరుతో అలాంటి చోటికి పంపే సేవకు మార్కులేమీ వేయలేం.

చాలా సేవలు సర్దుబాట్లను నోటిమాటతో సరిపెడతాయి. సూపర్‌వైజర్ మారగానే అవన్నీ గాలికి పోతాయి. రాతలోనూ 'అవసరమైతే విశ్రాంతి ఇవ్వాలి' అంటే ఎవరూ ఇవ్వరు. '11 గంటలకు 10 నిమిషాలు, శబ్దం లేని గదిలో' అని రాస్తే జరుగుతుంది. ఉద్యోగ ఒప్పందం బొమ్మలతో, చిన్న వాక్యాలతో ఉండాలి, సంతకం ఉద్యోగిదే కావాలి. తేలిక చేసే వంకతో ఫిర్యాదు భాగాన్ని ఎత్తేసిన ప్రతులుంటాయి, జాగ్రత్త. జీతం స్లిప్ అమ్మానాన్నల చేతికి కాదు, పని చేసినవారి చేతికే రావాలి. 'ట్రయల్' పేరుతో నెలల తరబడి జీతం లేకుండా పని చేయించడాన్ని ఊరుకునే కోచ్ ఎవరి తరఫున ఉన్నట్టు?

'అంతా బాగుందా?' అని అడిగే కోచ్‌కు 'ఆఁ' అనే జవాబే వస్తుంది. ఎదుటివారిని సంతోషపెట్టడానికి ఔననడం వీళ్లలో చాలామందికి అలవాటు. 'నిన్న భోజనం ఎవరితో చేశారు? ఎవరైనా అరిచారా? అప్పుడు మీరేం చేశారు?' అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. ఆ 'మీరు' కూడా ముఖ్యమే. ముప్పై ఏళ్ల మనిషిని అందరి ముందు కోచే 'నువ్వు, బాబూ' అంటే, మర్నాటికి ఆఫీసంతా అలాగే పిలుస్తుంది. ఆ తర్వాత ఆయన ఫిర్యాదు చేసినా చిన్నపిల్లాడి మారాం కిందే జమకడతారు.

నిర్ణీత రోజులు కాగానే ఫైల్ మూసేసే సేవ వద్దు. కోచ్ పక్క టేబుల్‌కు, తర్వాత పక్క గదికి, ఆపైన వారానికోసారికి జరగాలి. ఎప్పుడు జరగాలో ఆ రోజువారీ కాగితమే చెబుతుంది. షిఫ్ట్, మెషిన్, సూపర్‌వైజర్‌లలో ఏది మారినా కోచ్ తిరిగి రావాలి. ఎన్ని రోజుల్లో వస్తారో చేరేముందే రాయించుకోండి.