‘కథ’ కాస్తా ‘కధ’ అయింది: డీటీపీ కోసం చౌక లేజర్ ప్రింటర్ కొనేవాళ్లూ, జాగ్రత్త

డీటీపీ పనికి (కంప్యూటర్‌లో పేజీలు కూర్చి అచ్చుకి సిద్ధం చేసే పని) తక్కువ ధరలో లేజర్ ప్రింటర్ కొందామని చూస్తున్నవాళ్లు ఒక్క ఐదు నిమిషాలు ఇది చదివి షాపుకి వెళ్లండి. 14,500 రూపాయలు పోసి కొన్నాను. ఒక ఫారం (ప్రెస్సులో ఒకే షీటు మీద కలిపి అచ్చయ్యే పేజీలు) కాగితం తగలేసుకున్నాను. ఒక పెద్దాయన చేత మాట పడ్డాను. షాపు పేరు, కంపెనీ పేరు రాయడం లేదు. ఇంకో షాపుకి వెళ్లినా మీకు ఇవే మాటలు చెబుతారు.

మాది తెనాలి. పెళ్లికార్డులు, బిల్లుబుక్కులు, అప్పుడప్పుడు ఓ పుస్తకం. పన్నెండేళ్లు నోరెత్తకుండా పనిచేసిన పాత ప్రింటర్ సరిగ్గా ఆషాఢం చివర్లో చచ్చింది. శ్రావణం ముహూర్తాలు నెత్తిమీద ఉన్నాయి, ఒకటే టెన్షన్. మర్నాడే విజయవాడ వెళ్లాను. షాపులో కుర్రాడు, “పేజ్‌మేకరైనా ఇన్‌డిజైనైనా దీంట్లో ఆడుద్దండీ. 1200 డీపీఐ. పోస్ట్‌స్క్రిప్ట్ కూడా వస్తది” అన్నాడు. పేజ్‌మేకర్, ఇన్‌డిజైన్ మేం పేజీలు కూర్చే ప్రోగ్రాములు. డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు అని. పోస్ట్‌స్క్రిప్ట్ అంటే పేజీలో ఏది ఎలా గీయాలో ప్రింటర్‌కి చెప్పే భాష. టెస్ట్ పేజీ తీసి చేతిలో పెట్టాడు. అది విండోస్ టెస్ట్ పేజీ. నాలుగు ఇంగ్లీషు లైన్లు, నల్లగా నిగనిగలాడుతూ. దాన్ని చూసి డబ్బు కట్టేశాను.

మొదటి పెద్ద పని ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారి కథల పుస్తకం, 96 పేజీలు. ట్రేసింగ్ (వెలుతురు దూరే కాగితం) మీద మిర్రర్, అంటే అద్దంలో కనిపించినట్టు తిరగేసి, తీసి ప్రెస్సుకి పంపాను. వాళ్లు ప్లేట్ చేసి మొదటి ఫారం 500 కాపీలు కొట్టేశారు. ఆ ఫారం పట్టుకుని మాస్టారు నేరుగా షాపుకి వచ్చారు. ఎర్రపెన్నుతో పేజీ నిండా సున్నాలు.

“ఏమయ్యా, కధ కాదురా కథ అని పిల్లలకి చెప్పీ చెప్పీ రిటైరయ్యాను. చివరికి నా పుస్తకంలోనే కధలు వేశావా?”

ఫైలు తెరిచి చూపించాను. ‘కథ’ అనే ఉంది. ఆయన నమ్మలేదు. ట్రేసింగ్ తీసి లైటుకి పెట్టి, భూతద్దంతో చూస్తే అప్పుడు దొరికింది. ‘థ’ పొట్టలో చుక్క ఉంది కానీ నల్లగా లేదు, ధూళి రాలినట్టు బూడిదరంగులో ఉంది. ప్లేట్ ఎక్స్‌పోజ్ చేసేటప్పుడు వెలుతురు దాంట్లోంచి దూరిపోయింది, చుక్క కాస్తా ఎగిరిపోయింది. ‘థ’ పొట్టలో చుక్క పోతే మిగిలేది ‘ధ’ కదా! అదే పేజీలో ‘ఫలం’ కూడా ‘పలం’ అయి కూర్చుంది. ఇంగ్లీషులో అయితే అక్షరం కాస్త పలచబడినా చదివేస్తాం. మనకి ఒక్క చుక్క, ఒక్క చిన్న గీత పోతే అక్షరమే వేరు.

కారణం వెతికితే, డ్రైవర్‌లో టోనర్ ఆదా చేసే మోడ్ ఆన్‌లో ఉంది. అందులో అక్షరం మొత్తం మీద చుక్కలు మధ్యమధ్యలో ఎగరగొట్టేస్తుంది. మామూలు కాగితం మీద కంటికి ఆనదు, ట్రేసింగ్ మీద మాత్రం కొంప ముంచుతుంది. అది చూసుకోకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసి, “అంతా సెట్ చేశానండీ” అని నా చేతిలో పెట్టింది ఆ షాపు కుర్రాడే.

సరే, ఆ మోడ్ తీసేశాను. చుక్క వచ్చింది. కష్టాలు మాత్రం పోలేదు.

తర్వాత బయటపడింది ప్రచురణ లోగో. కస్టమర్ ఈపీఎస్ ఫైలు (పోస్ట్‌స్క్రిప్ట్‌లో రాసిన బొమ్మ) ఇచ్చారు, పేజ్‌మేకర్‌లో పెట్టాను. ప్రింట్‌లో అంచులన్నీ మెట్లు మెట్లుగా వచ్చాయి. పాతకాపులకి ఇది తెలిసిన రోగమే. పోస్ట్‌స్క్రిప్ట్ లేని ప్రింటర్‌కి ఈపీఎస్ పంపితే, స్క్రీన్ మీద చూడటానికి పెట్టిన ముతక ప్రివ్యూ బొమ్మనే అచ్చేస్తుంది. అంటే దీంట్లో పోస్ట్‌స్క్రిప్ట్ లేదు! డబ్బా అంతా తిప్పి చూశాను, ఎక్కడా ఆ మాటే లేదు. షాపుకి ఫోన్ చేస్తే “అది సాఫ్ట్‌వేర్‌లో వస్తదండీ” అన్నాడు. ఏ సాఫ్ట్‌వేర్‌లో అని అడిగితే లైన్ కట్.

ఇక్కడ కాస్త విషయం చెప్పాలి. 1985లో యాపిల్ లేజర్‌రైటర్ వచ్చినప్పుడు దాని లోపలే పోస్ట్‌స్క్రిప్ట్ ఉండేది. 300 డీపీఐ, 1.5 ఎంబీ మెమరీ, ధర దాదాపు 7,000 డాలర్లు. అక్షరం ఆకారాన్ని లెక్కగట్టి చుక్కలుగా మార్చుకునే బుర్ర ప్రింటర్‌కే ఉండేది. ఇప్పటి చౌక లేజర్లు చాలావాటికి ఆ బుర్ర లేదు. కంప్యూటర్‌లోని డ్రైవర్ పేజీ మొత్తాన్ని చుక్కలుగా మార్చి పంపితే, ఇవి కాగితం మీద పోస్తాయి, అంతే. ఏ4 పేజీ 600 డీపీఐలో సుమారు 3 కోట్ల 48 లక్షల చుక్కలు, నాలుగు ఎంబీ పైమాటే. నాది 2 ఎంబీ మెమరీ యంత్రం. ఉత్త అక్షరాలైతే కుదించి నెట్టుకొస్తుంది. పేజీలో రెండు ఫొటోలు పడితే ఆలోచించి, ఆలోచించి, సగం పేజీ వేసి ఆగిపోతుంది. ఇక 1200 అనేది డ్రైవర్ మెరుగులు కలిపి చెప్పే అంకె. యంత్రం నిజంగా వేసే చుక్కలు 600.

పెళ్లికార్డు వెనక వేసే లేత టింట్ గురించి చెప్పనే అక్కర్లేదు. లేత రంగు కనిపించాలంటే పేజీని చిన్న చిన్న గడులుగా కోసి ఒక్కో గడిలో కొన్ని చుక్కలే వేయాలి, దాన్నే స్క్రీన్ అంటారు. 600 డీపీఐలో అంగుళానికి 100 లైన్ల స్క్రీన్ పెడితే ఒక్కో గడికి 36 చుక్కలే దక్కుతాయి. 10 శాతం టింట్ అంటే అందులో మూడో నాలుగో. చెమటకాయలు లేచినట్టు వచ్చింది.

వాపసు ఇస్తానంటే “సీల్ తీసింది తీసుకోమండీ” అన్నారు. సర్వీసు మనిషి వచ్చి చూసి, “మీ తెలుగు ఫాంట్‌లోనే తేడా ఉంది సార్” అని చెప్పి వెళ్లిపోయాడు. అదే ఫైలు పక్క షాపు ప్రింటర్‌లో శుభ్రంగా వచ్చింది మరి.

కాబట్టి కొనే ముందు మీ పేజీ మీరే పట్టుకెళ్లండి. వాళ్ల టెస్ట్ పేజీ వద్దు. కథ, ఫలం, ధర్మం, ఘోష, రాష్ట్రం, లక్ష్మి, వైశిష్ట్యం లాంటి మాటలు 6, 8, 10, 12 పాయింట్లలో కొట్టండి. ఒక వరస నల్లపట్టీలో తెల్ల అక్షరాలతో పెట్టండి, వత్తుల సందులు పూడిపోతున్నాయో లేదో అక్కడే తెలుస్తుంది. పావు పాయింట్ గీత ఒకటి, 10, 20, 50 శాతం టింట్లు, మీ దగ్గరున్న ఈపీఎస్ లోగో ఒకటి. పీడీఎఫ్ చేసుకుంటే ప్రాపర్టీస్‌లో ఫాంట్లు ఎంబెడ్ అయ్యాయో లేదో, అంటే ఫైల్లోనే కలిసి ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే అనూ ఫాంట్‌లో కొట్టింది షాపు కంప్యూటర్‌లో పిచ్చి ఇంగ్లీషు అక్షరాలుగా కనిపిస్తుంది, “చూశారా, మీ ఫైలే బాగోలేదు” అంటారు. అక్షరాల్ని కర్వ్స్ చేసి, అంటే ఫాంట్ అక్కర్లేని బొమ్మలుగా మార్చి తీసుకెళ్తే ఆ గొడవ ఉండదు కానీ, అక్షరం ఒక పిసరు లావుగా వస్తుంది, ఆ లెక్కన పోల్చుకోండి.

పేజీ మీద సరిగ్గా 100 మిల్లీమీటర్ల చతురస్రం కూడా గీయండి. ప్రింట్ వచ్చాక స్కేలు పెట్టి కొలవండి. పీడీఎఫ్ తెరిచే రీడర్‌లో ‘ఫిట్’ మీద ఉంటే సైజు మారిపోతుంది, ‘యాక్చువల్ సైజ్’ పెట్టాలి. నేను రెండో ఫారంలో ఇదీ అనుభవించాను. మీరు వాడే ట్రేసింగ్ షీట్లు పది జేబులో పెట్టుకెళ్లి అక్కడే తీయించండి. నా దాంట్లో కాగితం దారి మరీ వంకర, నాలుగో షీటుకల్లా ముడుచుకుపోయి ఇరుక్కుంటుంది. పోస్ట్‌స్క్రిప్ట్ ఉందంటే ఆ మాట బిల్లు మీద రాసివ్వమనండి. రాయనంటే లేనట్టే.

ఇప్పటికే నాలాగా కొనేసినవాళ్లకి ఒక దారి ఉంది. పేజ్‌మేకర్ నుంచి నేరుగా ప్రింట్ ఇవ్వకుండా డిస్టిల్లర్‌తో (పీడీఎఫ్ తయారుచేసే ప్రోగ్రాం) పీడీఎఫ్ చేసి రీడర్ నుంచి ఇవ్వండి. లోగో బాగానే వస్తుంది. పేజీ మధ్యలో ఆగిపోతే అడ్వాన్స్‌డ్‌లో ‘ప్రింట్ యాజ్ ఇమేజ్’ పెట్టండి, నత్తనడకన అయినా పూర్తవుతుంది.

మాస్టారి మొదటి ఫారం నా ఖర్చుతో మళ్లీ వేయించాను. ట్రేసింగులు ఇప్పుడు గుంటూరులో తీయిస్తున్నాను, కొత్త ప్రింటర్ బిల్లుబుక్కుల ప్రూఫులకి పరిమితం. కొత్త ప్రూఫు తీసుకెళ్తే మాస్టారు మాట్లాడకుండా బీరువాలోంచి భూతద్దం తీసి, ప్రతి ‘థ’ దగ్గరా ఆగి చూశారు. గంటన్నర కూర్చోబెట్టారు. కాఫీ మాత్రం ఇచ్చారు.

టెస్ట్ పేజీ ఫైలు పేజ్‌మేకర్ 7లోనూ పీడీఎఫ్‌లోనూ ఉంది. కావాల్సినవాళ్లు అడగండి, పంపిస్తాను.