జయనగర్‌లో వీలునామా సేవ: పెళ్లితో ముడిపడని కుటుంబానికి ఎంతవరకు అక్కరకొస్తుంది?

బెంగళూరు జయనగర్‌లో వీలునామాలు, అధికార పత్రాలు రాసిపెట్టే ఒక న్యాయవాది కార్యాలయానికి నేనూ నా స్నేహితురాలూ వెళ్లాము. ఆమెకు భర్త పోయారు, పిల్లలు లేరు. నేను పెళ్లి చేసుకోలేదు. ఇద్దరమూ ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో ఉంటున్నాము. మమ్మల్ని కుటుంబంగా చూసే చట్టమేదైనా ఉందా అని అడిగాము.

వకీలుగారు తెలుగులోనే, ఆశలు కల్పించకుండా చెప్పారు. పెళ్లితో నిమిత్తం లేని బంధాలు కూడా కుటుంబాలేనని 2022లో దీపికా సింగ్ కేసులో సుప్రీంకోర్టు, కుటుంబానికి వివాహమొక్కటే మార్గం కాదని 2025 మే నెలలో మద్రాసు హైకోర్టు అన్నప్పటికీ, వారసత్వ చట్టం మాత్రం మారలేదు. హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షను ప్రకారం ఆమె వీలునామా రాయకుండా పోతే, సొంత జీతంతో కొన్న ఫ్లాటు కూడా, అత్తమామలు లేరు గనుక, పలకరింపైనా లేని మరిదికి చేరుతుంది.

ఆమె వీలునామా ముసాయిదాలో జూనియరు నన్ను ఆమె సోదరిగా టైపు చేస్తే, వకీలుగారు ఎర్రసిరాతో కొట్టేసి, ఒక్క అబద్ధం దొరికినా అవతలి పక్షానికి అదే ఆయుధమవుతుందని, స్నేహితురాలనే రాయించారు. లబ్ధి పొందనివారిద్దరిని సాక్షులుగా పెట్టించి, తప్పనిసరి కాకపోయినా రిజిస్టరు చేయించమన్నారు. ఈ పనికి పుచ్చుకున్న రుసుము న్యాయమైనదే.

నా అభ్యంతరమంతా వారి ధరల పట్టికపైనే. ఆసుపత్రి అవసరాలకంటూ అందులో చేర్చిన జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (మన తరఫున పనులు చేసే అధికారం మరొకరికిచ్చే పత్రం), ఇచ్చినవారు మతిస్థిమితం కోల్పోతే చెల్లదు. అంటే సరిగ్గా అవసరపడే వేళకే పనికిరాదు. గుచ్చి అడిగాకగానీ ముందస్తు వైద్య నిర్దేశం ప్రస్తావన రాలేదు, పైగా దానికి రుసుము వేరు. సుప్రీంకోర్టు 2018లో అనుమతించిన ఈ పత్రానికి 2023 సడలింపు తరువాత నోటరీ ధ్రువీకరణ సరిపోతుంది. అయితే అది కోలుకోలేని దశలో చికిత్స కొనసాగించాలా వద్దా అన్నంతవరకే. మామూలు ఆపరేషనుకు నా సంతకం ఒప్పుకోవడం నేటికీ ఆసుపత్రివారి ఇష్టమే.

ఉద్యోగుల భవిష్యనిధి (ఈపీఎఫ్) సంగతి కూడా ముందే చెప్పవలసింది. నామీద ఆధారపడిన తల్లి ఉన్నంతకాలం ఆ సొమ్ముకు స్నేహితురాలిని నామినీగా పెట్టినా చెల్లదు. వీలునామా వరకైతే ఈ కార్యాలయానికి నిశ్చింతగా వెళ్లవచ్చు. వెళ్లేవారు నామినేషను కాగితాలన్నీ వెంట తీసుకెళ్లి, ఏది ఎక్కడ చెల్లదో అడిగి రాయించుకోవాలి.