బ్రైస్ నుంచి వెనక్కి తిరగకండి: హైవే 12 మీదుగా గ్రేట్ బేసిన్ దాకా

వేగాస్‌లో కారు అద్దెకు తీసుకుని యూటాలోని జయాన్, బ్రైస్ నేషనల్ పార్కులు చూసి వచ్చేయడం మనవాళ్లకు బాగా అలవాటైన ట్రిప్పు. 2026 జనవరి 1 నుంచి ఆ రెండూ, గ్రాండ్ కాన్యన్ సహా 11 పార్కుల్లో అమెరికా నివాసులు కానివాళ్లకు, పదహారేళ్లు నిండితే చాలు, తలకు 100 డాలర్లు అదనం. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలను వార్షిక పాస్ లేకుండా తీసుకెళ్తే గేటు దగ్గరే చేతి చమురు వదులుతుంది. అక్కడి నుంచి ముందుకెళ్తే వచ్చే కాపిటల్ రీఫ్ (యూటా), గ్రేట్ బేసిన్ (నెవాడా) నేషనల్ పార్కులు ఆ జాబితాలో లేవు. జనం కూడా తక్కువే.

బ్రైస్ దాటాక హైవే 12 పట్టుకుని కాపిటల్ రీఫ్ పక్కనున్న టోరీ ఊరి దాకా వెళ్లాలి. సుమారు 110 మైళ్లే అయినా రోజంతా కేటాయించండి. ఎస్కలాంటే, బౌల్డర్ ఊళ్ల మధ్య ‘హాగ్‌బ్యాక్’ అనే చోట రోడ్డుకు రెండు వైపులా లోయే, పక్కన రెయిలింగ్ ఉండదు. తర్వాత బౌల్డర్ మౌంటెన్ మీద 9,600 అడుగుల ఎత్తుకు ఎక్కుతుంది. చీకటి పడితే రోడ్డు మీదికి జింకలు, ఆవులు వస్తాయి. కాబట్టి పొద్దు ఉండగానే టోరీ చేరాలి. దారిలో లోయర్ కాఫ్ క్రీక్ జలపాతం 126 అడుగులది. పోను రాను 6 మైళ్ల నడక, చాలాచోట్ల ఇసుకే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు వద్దు.

బసకు టోరీయే నయం. మోటెళ్లు, తిండి, గ్యాస్ (పెట్రోలు) అన్నీ ఉన్నాయి. చలికాలంలో మాత్రం చాలావాటికి తాళాలే. కాపిటల్ రీఫ్ లోపలి ఫ్రూటా క్యాంప్‌గ్రౌండ్‌లో 71 స్థలాలున్నాయి. స్నానాల గదులు లేవు, కరెంటు లేదు. రైస్ కుక్కర్ నమ్ముకుని వెళ్లేవాళ్లు ఇది ముందే తెలుసుకోవాలి.

ఈ పార్కులో అసలు సంగతి తోటలు. ఎర్రటి కొండల అడుగున మోర్మన్ (ఒక క్రైస్తవ శాఖ) కుటుంబాలు నాటిన తోటలను ఇప్పటికీ పార్కువాళ్లే సాగుచేస్తున్నారు. జూన్, జూలైలో చెర్రీ, ఆప్రికాట్, ఆగస్టులో పీచ్, సెప్టెంబర్ నుంచి యాపిల్. కోతకు తెరిచిన తోట ముందు బోర్డు పెడతారు. అక్కడే నిచ్చెన, పండ్లు దించే గడకర్ర, సంచులు, కాటా ఉంటాయి. చెట్టు కింద తిన్నంత ఉచితం, బయటికి పట్టుకెళ్లేవి తూచి, డబ్బు మీరే కట్టి రావాలి. వసంతంలో మంచు కొడితే ఆ ఏడు కాపు ఉండదు. పండ్ల కోసమే వెళ్తుంటే పార్కుకు ఫోన్ చేసి కనుక్కోండి. పక్కనే గిఫర్డ్ హౌస్‌లో పండ్ల పైలు అమ్ముతారు, పొద్దున్నే వెళ్తేనే దొరుకుతాయి. నడకల్లో హిక్మన్ బ్రిడ్జ్ (సహజంగా ఏర్పడ్డ రాతి వంతెన) చాలు. ఒకవైపు మైలు లోపే, 400 అడుగుల ఎక్కుడు.

కాపిటల్ రీఫ్ దాటాక వచ్చే హాంక్స్‌విల్‌లో ఆగేది గ్యాస్ కోసమే. ట్యాంకు సగం ఉన్నా నింపేయండి. హైవే 24, ఐ-70 మీదుగా సలైనా చేరేదాకా దాదాపు 135 మైళ్లు ఒక్క బంకు లేదు. మధ్యలో గాబ్లిన్ వ్యాలీకి పోయొస్తే 150 దాటుతుంది. అది పుట్టగొడుగుల్లాంటి రాళ్లతో నిండిన లోయ. రాళ్ల మధ్య ఎటైనా తిరగొచ్చు, పిల్లలకు దీన్ని మించింది లేదు. అయితే స్టేట్ పార్కు కాబట్టి నేషనల్ పార్కుల పాస్ చెల్లదు, మధ్యాహ్నం నీడ దొరకదు. దగ్గర్లోని లిటిల్ వైల్డ్ హార్స్ ఇరుకు లోయలోకి వెళ్లాలంటే ఆకాశం నిర్మలంగా ఉండటం ఒక్కటే చాలదు. ఎక్కడో ఎగువన పడిన వాన ఉన్నట్టుండి వరదై వస్తుంది. వాన సూచన ఉంటే మానుకోండి.

సలైనా నుంచి డెల్టా ఊరికి వెళ్లాలి. అక్కడి నుంచి గ్రేట్ బేసిన్‌కు హైవే 50 మీద సుమారు 100 మైళ్లు. ప్రవేశ రుసుము లేదు. వీలర్ పీక్ రోడ్డు 12 మైళ్లు, 10,000 అడుగుల దాకా ఎక్కుతుంది. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచితే వేడెక్కి పట్టు తగ్గుతుంది, లో గేర్‌లో దిగాలి. పై భాగం సాధారణంగా నవంబర్ నుంచి జూన్ దాకా మూసే ఉంటుంది. పైనుంచి 2.8 మైళ్లు నడిచొస్తే 3,000 ఏళ్లు దాటిన బ్రిసిల్‌కోన్ పైన్ చెట్లు కనిపిస్తాయి. ఆ పైన క్యాంపులో నీళ్లు 90 డిగ్రీలకే మరుగుతాయి. మామూలు గిన్నెలో అన్నం పలుకు మిగులుతుంది, కందిపప్పు ఓ పట్టాన ఉడకదు. ప్రెషర్ కుక్కర్ ఉండాల్సిందే, లేదంటే పులిహోర కలుపుకుని వెళ్లడం మేలు.

ఈ పార్కులోనే ఉన్న లేమన్ గుహల టూర్లు నడుస్తున్నాయో లేదో చూసి, ఆన్‌లైన్‌లో ముందే టికెట్ తీసుకోవాలి. గబ్బిలాలకు సోకే ఫంగస్ భయంతో, వేరే గుహలకు వేసుకెళ్లిన బట్టలు, బూట్లు వద్దంటారు. బొర్రా గుహలకు వేసుకెళ్లినవైనా సరే. పార్కు పక్క ఊరు బేకర్‌లో గదులు చాలా తక్కువ. దొరక్కపోతే 60 మైళ్ల పైన ఉన్న ఈలీ వెళ్లాలి, అక్కడి నుంచి వేగాస్‌కు 240 మైళ్లు.

కారు తీసుకునేటప్పుడే డిక్కీ తెరిచి స్టెప్నీ ఉందో లేదో చూడండి. కొత్త కార్లలో చాలావాటికి గాలి కొట్టే కిట్ మాత్రమే ఇస్తారు, టైరు పక్కగోడ చీలితే అది పనికిరాదు. మట్టిరోడ్లు అద్దె ఒప్పందంలో నిషేధమేమో చదవండి. మ్యాపులు ఆఫ్‌లైన్‌లో దించుకోండి. నెవాడాలో గడియారం యూటా కంటే గంట వెనక. సరిహద్దులో సిగ్నల్ లేక ఫోన్ పాత టైమే చూపిస్తుంటుంది, గుహ టికెట్ మీద ఉన్నది మాత్రం నెవాడా టైమ్.